మా నాటికలకు అవునో కాదో రాసి చెప్పండి

ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల పరిధిలోని కలెక్టర్లకు, పోలీసు అధికారులకు, మున్సిపల్ కమిషనర్లకు, రాష్ట్ర భాషా సాంస్కృతిక శాఖ అధికారులకు బహిరంగ లేఖ

విషయం: సేవా సంస్థల సహాయార్థం కొత్త రచయితలు ప్రదర్శించే చిన్న రాజకీయ నాటికలకు అనుమతులు, సభామందిరాల కేటాయింపు గురించి

అయ్యా, అమ్మా,

నమస్కారం. ధాన్యం కొనుగోళ్ల నుంచి పరీక్షల నిర్వహణ దాకా అన్నీ మీ బల్ల మీదికే వస్తాయని మాకు తెలుసు. ఈ విషయాన్ని మొదట దరఖాస్తు రూపంలోనే మీ కార్యాలయాలకు చేర్చాం. జవాబు రాలేదు కాబట్టి ఇప్పుడు అందరి ముందూ రాస్తున్నాం.

మేము వృత్తి కళాకారులం కాము. మాలో డిగ్రీ విద్యార్థులు, ప్రైవేటు బడుల్లో పాఠాలు చెప్పేవారు, ఒక ఆశా కార్యకర్త, కుట్టుమిషను మీద ఇల్లు నడిపే ఒక గృహిణి, ఆటో నడిపే ఒక యువకుడు ఉన్నారు. వీరిలో ఎవరూ ఇంతకుముందు నాటకం రాసినవారు కాదు. పది పదిహేను నిమిషాల నాటికలు రాసుకుని, ఒకే సాయంత్రం ఐదింటిని వరుసగా ఆడి, టికెట్ల మీద వచ్చిన సొమ్మునూ చివర హుండీలో పడిన సొమ్మునూ సేవా పనులకు ఇవ్వాలన్నది మా సంకల్పం. అవి రాజకీయ నాటికలే. ఆ మాట దాచలేదు, కరపత్రం మీదే వేశాం.

ఈసారి సొమ్మును మూడు పనులకు అనుకున్నాం. వారానికి మూడుసార్లు డయాలసిస్‌కు వచ్చే పేద రోగుల దారి ఖర్చులకు కొంత. ఫ్లోరైడ్ నీళ్లు తాగి నడుము వంగిపోయిన వృద్ధులకు చేతికర్రలు, చక్రాల కుర్చీలకు కొంత. తల్లిదండ్రులు వలస వెళ్లినప్పుడు పిల్లలు తలదాచుకునే ఒక వసతి గృహానికి దుప్పట్లు, పుస్తకాలకు కొంత.

జరిగింది ఇది. మా ప్రాంతంలోని ఒక పట్టణంలో ప్రభుత్వ ఆధీనంలోని సభామందిరం కోసం దరఖాస్తు చేశాం. పోలీసు అనుమతి తెమ్మన్నారు. పోలీసు స్టేషన్‌లో నాటికల రాతప్రతులు అడిగారు, ఇచ్చాం. కొన్నాళ్లకు "రాజకీయం తీసేసి, మంచి నీతి నాటికలు వేసుకోండి, మేమే వచ్చి చూస్తాం" అన్నారు. మేము ఒప్పుకోలేదు. అప్పటి నుంచి పైవారు చెప్పాలన్నారు. పైవారిని కలిస్తే కిందివారు నివేదిక పంపాలన్నారు. చివరకు హాలులో మరమ్మతులున్నాయని ఫోనులో చెప్పారు. అదే వారం అదే హాలులో ఒక పార్టీ సమావేశం జరిగింది. అమ్మిన టికెట్ల డబ్బు ఇంటింటికీ తిరిగి వాపసు ఇచ్చాం.

ఆ పట్టణం పేరు, ఆ ఉద్యోగుల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఒకరిద్దరు ఉద్యోగులను నిలదీయాలని ఈ లేఖ రాయలేదు. పక్క పట్టణాల్లో నాటకాలాడే మిత్రులు చెప్పేదీ ఇదే తీరు. ఎవరూ "కాదు" అని కాగితం మీద రాయరు. కాదని రాసిస్తే కారణం తెలుస్తుంది, పై అధికారికి చెప్పుకోవచ్చు, కోర్టుకు వెళ్లవచ్చు. జవాబే ఇవ్వకపోతే ఎవరికి అప్పీలు చేయాలి?

ఆ నాటికల్లో ఏముందో ముందు చెప్పాలి. రాతప్రతులు మీ దగ్గరే ఉన్నా, చదివారో లేదో తెలియదు.

మొదటిది నీళ్ల గురించి. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1 మిల్లీగ్రాము దాటకూడదని, వేరే నీళ్లే దొరకని చోట 1.5 వరకు సహించవచ్చని భారత ప్రమాణాలు చెబుతాయి. మర్రిగూడ, నాంపల్లి, చండూరు, మునుగోడు వైపు తరాల తరబడి జనం ఆ హద్దులు దాటిన బోరు నీళ్లు తాగారు. పటిక, సున్నం కలిపి ఫ్లోరైడ్‌ను తగ్గించే ఒక పద్ధతికి "నల్లగొండ పద్ధతి" అని పేరు పెట్టారు. దేశదేశాల ఇంజనీర్లు ఆ పేరుతోనే దాన్ని చదువుకుంటారు. మా నాటికలో ఒక విద్యార్థి ఆ పాఠాన్ని బట్టీ పడుతుంటాడు. పక్కన మంచం మీద వాళ్ల నాయనమ్మ లేవలేక ఉంటుంది. ఇప్పుడు కుళాయి నీళ్లు వస్తున్నా ఆమె ఎముక తిరిగి సరికాదు, ఎందుకంటే ఎముకలకు పట్టిన ఫ్లోరోసిస్‌ను వెనక్కి తిప్పే మందు లేదు. "నేను తాగిన నాటి నీళ్లకు ఎవరు లెక్క చెబుతారు?" అని ఆమె అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న మీద నాటిక నిలబడుతుంది. అందులో ఏ నాయకుడి పేరూ లేదు.

రెండోది పాలమూరు వలస కూలీలది. కూలీలను పనికి తీసుకెళ్లే గుంపు మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సు, దాని మీద కోతలు, పండుగకు ఇంటికి రావాలంటే మళ్లీ అప్పు. వేదిక మీద ఒక లెక్కల పుస్తకం, ఇద్దరు మనుషులు, అంతే. మూడోది మహిళా సర్పంచి గురించి. మన పంచాయతీరాజ్ చట్టం స్థానాల్లో సగం మహిళలకు కేటాయించింది. గెలిచిన మహిళ గుమ్మం దగ్గర నిలబడి ఉంటే భర్త కుర్చీలో కూర్చుని సంతకం ఎక్కడ పెట్టాలో చూపిస్తుంటాడు. రాసింది మా కుట్టుమిషను అక్క. రిహార్సల్‌లో నవ్వకుండా చూసినవారు లేరు, నవ్వాక మాట్లాడినవారూ లేరు. నాలుగోది రేషన్ దుకాణంలో వేలిముద్ర పడని ఒక తాపీ కూలీది. సిమెంటు పనిలో వేళ్లు అరిగిపోయిన మనిషి, తాను తానేనని యంత్రానికి రుజువు చేసుకోలేకపోవడం. ఐదోది పట్టాదారు పాసు పుస్తకంలో పేరులో ఒక అక్షరం తప్పు పడిన రైతు కథ. భూ రికార్డుల పోర్టల్ పేరు మారింది, ప్రభుత్వం మారింది, అతని అక్షరం మారలేదు.

వీటిలో పార్టీ జెండా లేదు, ఓటు వేయమనే మాట లేదు, కులాన్నో మతాన్నో కించపరిచే వాక్యం లేదు. ఉన్నది జనం రోజూ పడుతున్న బాధకూ, పాలన తీరుకూ మధ్య ఉన్న సంబంధం. దాన్ని తీసేస్తే ఇక ఆ నాటికల్లో మిగిలేది ఏమీ లేదు. నాయనమ్మ నడుముకు చక్రాల కుర్చీ కొనివ్వండి కానీ ఆమె నడుము ఎందుకు వంగిందో చెప్పకండి అంటే, ఆ దానం చేయడానికి మాకు మనసు ఒప్పదు.

చిన్న నాటికలే ఎందుకని కొందరు అడిగారు. నాటక పరిషత్తుల పోటీల్లో నాటిక అంటే సాధారణంగా ముప్పావు గంట నుంచి గంట. దానికి సెట్టింగులు, దర్శకుడు, నెలల తరబడి రిహార్సల్స్ కావాలి. పగలంతా పని చేసి సాయంత్రం ఒక గంట దొరికే మనిషి అంత నాటిక రాయలేడు, రాసినా ఆడించుకోలేడు. పన్నెండు నిమిషాల నాటికకు రెండు కుర్చీలు, ఒక దీపం చాలు. తప్పు రాస్తే పన్నెండు నిమిషాల్లో తెలిసిపోతుంది, మళ్లీ రాసుకోవచ్చు. కొత్తవారికి ఇంతకంటే మంచి బడి మాకు తెలియదు.

ఇక చట్టం సంగతి. మాకు ఎదురైన ప్రతి అభ్యంతరానికీ ఇక్కడ జవాబు రాస్తున్నాం.

రాతప్రతి ముందుగా చూపించాలన్నారు. సినిమాలకు కేంద్ర ధ్రువీకరణ బోర్డు ఉంది, మన రాష్ట్రంలో నాటకాలకు అలాంటిది లేదు. నాటకాలను అణచడానికి బ్రిటిష్ ప్రభుత్వం 1876లో నాటక ప్రదర్శనల చట్టం తెచ్చింది. ఆ చట్టం స్వతంత్ర భారతంలోనూ చాలాకాలం కొనసాగింది. లక్నోలో 1953లో ప్రజానాట్య కళాకారులు ప్రేమ్‌చంద్ కథ ఆధారంగా ఒక నాటకం వేస్తే, ముందు ఇచ్చిన అనుమతిని రద్దు చేసి కేసు పెట్టారు. 1956లో అలహాబాద్ హైకోర్టు ఆ చట్టంలోని నిషేధపు అధికారాలు రాజ్యాంగం 19వ అధికరణం ఇచ్చిన భావప్రకటనా స్వేచ్ఛకు విరుద్ధమని తేల్చింది. చివరకు 2017 నాటి రద్దు, సవరణల (రెండవ) చట్టంతో పార్లమెంటు దాన్ని పూర్తిగా తొలగించింది. లేని చట్టాన్ని స్టేషన్ బల్ల దగ్గర మళ్లీ బతికించకండి.

జిల్లాలో 30, 30(ఎ) పోలీసు చట్టం అమలులో ఉందన్నారు. ఈ ప్రకటన మన జిల్లాల పత్రికల్లో నెలనెలా చూస్తూనే ఉన్నాం. 1861 నాటి ఆ చట్టంలోని 30వ సెక్షన్ రహదారుల మీద, వీధుల్లో జరిగే ఊరేగింపులు, సమూహాల నియంత్రణ కోసం ఉద్దేశించినది. నాలుగు గోడల మధ్య, టికెట్టు కొనుక్కుని కుర్చీల్లో కూర్చుని నాటకం చూసేవారికి దాన్ని వర్తింపజేయడం న్యాయం కాదు.

ఎవరైనా వచ్చి గొడవ చేస్తే ఎలా అన్నారు. ఇదే వాదన ఒక సినిమా విషయంలో సుప్రీంకోర్టు ముందుకు వచ్చింది. 1989లో ఎస్. రంగరాజన్ కేసు తీర్పులో, ఆందోళన చేస్తామన్న బెదిరింపును కారణంగా చూపి భావప్రకటనను అణచకూడదని, దాన్ని కాపాడటం ప్రభుత్వ బాధ్యత అని న్యాయస్థానం స్పష్టంగా చెప్పింది. నిజానికి మా మీద బెదిరింపులేవీ రాలేదు. వస్తాయేమో అన్న ఊహ మీదే ఆగిపోయాం.

టికెట్టు పెడితే జీఎస్టీ కట్టాలన్నారు. నాటక ప్రదర్శనల ప్రవేశ రుసుము మనిషికి 500 రూపాయలు దాటకపోతే జీఎస్టీ మినహాయింపు ఉంది. మా టికెట్టు 50 రూపాయలు.

ఇప్పుడు, ఈ ప్రదర్శన ఆగిపోవడం వల్ల ఎవరికి ఏమైందో వరుసగా చెబుతాం. నష్టపోయింది నాటకాలాడే పదిమందే అనుకుంటున్నారేమో అని ఈ వివరాలు రాస్తున్నాం.

1. డయాలసిస్ రోగులు. ప్రభుత్వ పథకాల కింద చికిత్స ఉచితంగా దొరుకుతున్నా ఇంటి నుంచి యంత్రం దాకా వచ్చే దారి ఉచితం కాదు. వారానికి మూడుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటలు యంత్రం పక్కన ఉండాలి. రానుపోను ఆటో, బస్సు కలిపి వంద రూపాయలనుకున్నా నెలకు 1,200 దాటుతుంది. 2023 డిసెంబరు నుంచి మహిళలకు ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం వచ్చాక వారికి కొంత ఊరట. మగ రోగులకు ఆ ఊరట లేదు. పైగా తోడు వచ్చే మనిషి ఆ రోజు కూలి వదులుకోవాలి. డబ్బు లేక ఒక విడత మానేసిన మనిషికి ఊపిరితిత్తుల్లో నీరు చేరితే రాత్రికి రాత్రే హైదరాబాద్‌కు పరుగులు తీయాలి. మూడు వందల కుర్చీల హాలు నిండితే మాకు వచ్చేది 15,000 రూపాయలు. దానితో దాదాపు పన్నెండు మంది రోగుల ఒక నెల దారి ఖర్చు తీరేది. ఆ నెల వారు అప్పు తెచ్చుకున్నారు.

2. ఫ్లోరోసిస్ బాధితులు. కొత్తగా బాధితులు తగ్గుతున్నకొద్దీ పాతవారిని పట్టించుకునేవారు తగ్గుతున్నారు. వారికి ఇప్పుడు కావలసింది చక్రాల కుర్చీ, మంచం పక్కన పట్టుకునే కడ్డీ, మరుగుదొడ్డిలో కూర్చోగలిగే ఎత్తు పీట. ఇవి పెద్ద ఖర్చులు కావు, కానీ పింఛనులో మిగలవు.

3. కొత్త రచయితలు, అందులోనూ ఆడవారు. దీని గురించి కొంచెం ఎక్కువగా చెప్పాలి. సర్పంచి నాటిక రాసిన అక్క తన అత్తమామలను ఒప్పించడానికి చాలా కాలం పట్టింది. వారు రిహార్సల్ చూసి, టికెట్లు తామే వీధిలో అమ్మి పెట్టారు. ఆ తరువాత రచయితల వివరాలు కావాలంటూ స్టేషన్ నుంచి ఆమె ఇంటికి ఫోను వచ్చింది. ఫోను చేసిన ఉద్యోగి మర్యాదగానే మాట్లాడారు. కానీ పోలీసు ఫోను వచ్చిన ఇంట్లో మర్యాద ఎవరికీ గుర్తుండదు. ఆమె మళ్లీ రిహార్సల్‌కు రాలేదు. రాసిన కాగితాలు మాకిచ్చి, పేరు తీసేయమన్నారు. డిగ్రీ చదివే పిల్లల్లో ఇద్దరు, రేపు ఉద్యోగానికి పోలీసు విచారణ వస్తే ఇబ్బంది అవుతుందని తప్పుకున్నారు. వారి తల్లిదండ్రులను తప్పు పట్టలేం. పోటీ పరీక్షల మీద ఇంటి ఆశలన్నీ పెట్టుకున్న జిల్లాలు ఇవి. ఒక్క ఫోను ఎందరి కలాలను ఆపుతుందో మీరు గమనించాలి.

4. వలస కూలీల పిల్లలు. చలికాలం దుప్పట్లు చలికాలంలోనే అందాలి. ఇంతకంటే చెప్పేదేమీ లేదు.

5. మైకు సెట్టు, టెంటు, కరపత్రాల ముద్రణ, దీపాలవారు. వీరిలో సగం మంది సేవా కార్యక్రమమని సగం ధరకే ఒప్పుకున్నారు. రద్దయ్యాక వారికి ఇవ్వవలసింది మా జేబుల నుంచి ఇచ్చాం.

6. ప్రేక్షకులు. మన పట్టణాల్లో సాయంత్రం కుటుంబంతో వెళ్లి కూర్చోగల చోట్లు ఎన్ని ఉన్నాయి? పెళ్లిళ్లు, పార్టీ సమావేశాలు, పాఠశాలల వార్షికోత్సవాలు తప్ప మన హాళ్లలో ఇంకేమీ జరగడం లేదు. పెళ్లికి అడిగే అద్దెనే నాటకానికీ అడుగుతున్నారు. మాకు చెప్పిన అద్దె 18,000 రూపాయలు, దాని మీద శుభ్రత రుసుము, డిపాజిట్టు వేరు. హాలు మొత్తం నిండినా వచ్చేది 15,000 అయినప్పుడు సేవకు మిగిలేది ఏముంటుంది? అందుకే ఒక దాత అద్దె భరిస్తానన్నారు. అనుమతి రాకపోవడంతో ఆయనా వెనక్కి తగ్గారు.

రాజకీయం వేరు, సేవ వేరు అని మాతో పదేపదే అన్నారు. కళారంగ చరిత్ర అలా చెప్పదు. 1943లో బెంగాల్ కరువులో లక్షలాది మంది చనిపోయారు. ఆ ఏడాదే పుట్టిన భారత ప్రజానాట్య సంఘం కళాకారులు ఊరూరా తిరిగి పాటలు పాడి, నాటకాలు ఆడి సహాయ నిధి పోగు చేశారు. 1944లో కలకత్తాలో ఆడిన "నవాన్న" నాటకం ఆ కరువు గురించే. ధాన్యం ఎవరు దాచారో, పాలకులు ఏం చేశారో చెబుతూనే వారు జోలె పట్టారు, జనం ఆ జోలె నింపారు. మన తెలుగు నేల మీద ప్రజానాట్యమండలి కూడా 1943లోనే మొదలైంది. తెలంగాణ రైతుల పోరాటం మీద 1947లో వచ్చిన "మాభూమి" నాటకాన్ని నాటి మద్రాసు ప్రభుత్వం నిషేధించింది. నిషేధించిన ఉత్తర్వు ఎవరికీ గుర్తులేదు, నాటకం గుర్తుంది.

మన జిల్లాలకు ఇంకా దగ్గరి సంగతి ఒకటుంది. నిజాం పాలనలో సభ పెట్టుకోవాలంటే "గస్తీ నిషాన్ 53" అనే ఉత్తర్వు ప్రకారం ముందుగా అనుమతి తీసుకోవాలి. ఆ ఆంక్షను ఎత్తివేయాలని నిజాం రాష్ట్రంలోని తెలుగువారి సంస్థ అయిన ఆంధ్ర మహాసభ కోరుతూ వచ్చింది. ఆ మహాసభ రెండో సమావేశం 1931లో మన దేవరకొండలోనే జరిగింది. దానికి అధ్యక్షత వహించింది పాలమూరు గడ్డ మీద పుట్టిన బూర్గుల రామకృష్ణారావు గారు. ఆ తరువాత 1934లో, తెలంగాణలో కవులే లేరన్న మాటకు జవాబుగా పాలమూరువారే అయిన సురవరం ప్రతాపరెడ్డి గారు 354 మంది కవుల రచనలతో గోలకొండ కవుల సంచిక వెలువరించారు. అంతకుముందు రాసేవారు లేక కాదు, వారిని ఒకచోట చేర్చి అచ్చు వేసేవారు లేక. నాటక రచనలో మన దక్షిణ తెలంగాణ నేడు ఉన్న స్థితి అదే. రాసేవారు ఉన్నారు. వారికి వేదిక కావాలి. ఆ వేదిక తాళం చెవి మీ దగ్గర ఉంది.

మీకు న్యాయమైన సందేహాలు ఉండవచ్చు. సేవ పేరుతో వసూళ్లు చేసి తినేసినవారిని మనమందరం చూశాం. అందుకే మా వైపు నుంచి ఈ కట్టుబాట్లకు సిద్ధంగా ఉన్నాం. హుండీని ప్రేక్షకుల ముందే తెరిచి లెక్కపెడతాం. టికెట్ల పుస్తకాల వరుస సంఖ్యలు ముందే మీకు ఇస్తాం. ఖర్చులు పోను మిగిలిన సొమ్మును చెక్కు రూపంలో సేవా సంస్థకు ఇచ్చి, రసీదుతో సహా జమాఖర్చులు హాలు గోడ మీద అంటిస్తాం. ఏ పార్టీ నాయకుడినీ వేదిక మీదికి పిలవం, ఏ పార్టీ విరాళమూ తీసుకోం. ఎన్నికల నియమావళి అమలులో ఉన్నప్పుడు ప్రదర్శనలు పెట్టం. రాత్రి పది తరువాత మైకు వాడం. వీటిలో ఏది తప్పినా మా మీద చర్య తీసుకోండి.

మా డిమాండ్లు ఇవి.

1. హాలు కోసమైనా, పోలీసు అనుమతి కోసమైనా ఇచ్చిన ప్రతి దరఖాస్తుకు అందినట్టు రసీదు ఇవ్వాలి. ఏడు పనిదినాల్లో అవునో కాదో రాతపూర్వకంగా చెప్పాలి. కాదంటే ఏ చట్టం, ఏ సెక్షన్, ఏ కారణం అన్నది అందులో ఉండాలి. ఆ గడువులో జవాబు రాకపోతే అనుమతి ఇచ్చినట్టే భావించేలా ఉత్తర్వు ఇవ్వాలి. మిగతావన్నీ వాయిదా వేసినా ఈ ఒక్కటి వెంటనే చేయాలని గట్టిగా కోరుతున్నాం.

2. నాలుగు గోడల మధ్య జరిగే నాటక ప్రదర్శనలకు రాతప్రతి అడగడం ఆపాలి. తేదీ, సమయం, బాధ్యుల పేర్లు, ప్రేక్షకుల అంచనా ఉన్న ఒక పేజీ సమాచారం చాలు.

3. రచయితల, నటుల ఇళ్లకు స్టేషన్ నుంచి ఫోన్లు చేయకూడదు. అడగవలసింది ఏదైనా ఉంటే దరఖాస్తు మీద సంతకం చేసినవారిని అడగండి. వారు వచ్చి జవాబు చెబుతారు.

4. ప్రభుత్వ, పురపాలక సభామందిరాల అద్దె పట్టికను గుమ్మం దగ్గర అందరికీ కనిపించేలా పెట్టాలి. నాటకానికి పెళ్లి అద్దె వద్దు. సేవార్థం జరిగే ప్రదర్శనలకు కరెంటు, శుభ్రత ఖర్చులు మాత్రమే తీసుకోవాలి. ఏ రోజు ఎవరికి ఇచ్చారో చూపే రిజిస్టరు ఎవరైనా చూసేందుకు అందుబాటులో ఉండాలి.

5. ఎవరైనా ప్రదర్శనను అడ్డుకుంటామంటే అడ్డుకునేవారిని ఆపాలి. ప్రదర్శనను కాదు.

6. భాషా సాంస్కృతిక శాఖ కొత్త నాటక రచయితల కోసం ఏటా ఒక శిక్షణ శిబిరాన్ని హైదరాబాద్‌లో కాకుండా నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, వనపర్తి, నాగర్‌కర్నూల్, నారాయణపేట, గద్వాల వంటి పట్టణాల్లో జరపాలి. రవీంద్రభారతికి వచ్చి నేర్చుకోమంటే రానుపోను ఖర్చే మా పిల్లలకు భారం. ప్రభుత్వ డిగ్రీ కళాశాలల హాళ్లు ఆదివారం సాయంత్రాలు ఖాళీగానే ఉంటాయి, వాటిని ఇప్పించండి. శిబిరంలో ఫలానా పథకం గురించే రాయాలన్న షరతు పెట్టవద్దు. పథకాల ప్రచారానికి సాంస్కృతిక సారథి కళాకారులు ఉన్నారు, ఆ పని వారు చేస్తున్నారు.

సేవా సంస్థల పెద్దలకూ ఒక మాట. అనుమతి ఆలస్యమవుతుందని తెలియగానే మీలో కొందరు, మీ పేరు కరపత్రం నుంచి తీసేయమన్నారు. మీ రిజిస్ట్రేషన్లు, పన్ను మినహాయింపు పత్రాలు, తనిఖీలు మాకు తెలియనివి కావు. మిమ్మల్ని తప్పు పట్టడం లేదు. మీ పేరు లేకుండానే డబ్బు మీ చేతికి చేరుస్తాం. కానీ మీ దగ్గరికి వచ్చే రోగి ఎందుకు ఆలస్యంగా వచ్చాడో, ఆ వృద్ధురాలు ఎందుకు వంగిపోయిందో మాకంటే మీకే బాగా తెలుసు. అది మా రచయితలకు చెప్పండి. తరువాతి నాటికలకు అదే ముడిసరుకు. మీలో ఒక్క సంస్థ బహిరంగంగా మా పక్కన నిలబడినా మిగతావారి భయం సగం తగ్గుతుంది.

నాటక పరిషత్తుల నిర్వాహకులకు కూడా ఒక విన్నపం. మీ పోటీల చివరి రోజున ఒక గంట సమయం, పోటీతో సంబంధం లేకుండా, కొత్తవారి చిన్న నాటికలకు ఇవ్వండి. మీ వేదికకు అనుమతి ఎలాగూ ఉంటుంది. మీ ప్రేక్షకులు నాటకం తెలిసినవారు. వారి ముందు ఆడితే మా తప్పులు మాకు తెలుస్తాయి.

అధికారులకు చివరగా తెలియజేసేది. సర్పంచి నాటిక రాసిన అక్క పేరు లేకుండానే ఆ నాటిక ఆడాలని అనుకున్నాం. ఆమె అత్తగారు మొన్న మాకు కబురు పంపారు. కలెక్టరు గారి సంతకంతో అనుమతి కాగితం వస్తే, పేరు పెట్టి ఆడుకోమన్నారు. ఆ ఇంటికి ధైర్యం ఇచ్చేది మా మాటలు కావు, మీ కాగితం.

వచ్చే నెలలో ఏదైనా ఒక ఆదివారం సాయంత్రం 5 గంటల నుంచి 8 గంటల వరకు హాలు కోరుతూ కొత్త దరఖాస్తును ఈ లేఖతో పాటు మీ కార్యాలయాల్లో అందజేస్తున్నాం. అందినట్టు ముద్ర వేసి, తేదీతో సహా ఒక ప్రతిని మా చేతికి ఇప్పించగలరు.

ఇట్లు,
ఉమ్మడి నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల చిన్న నాటికల రచయితలు, నటులు, తెర వెనుక పనివారి తరఫున